కడిగి ఆరబెట్టిన ఉప్పు

“ప్యాకెట్ ఉప్పును కడుగుడేంది అవ్వా? అదేమన్న బియ్యమా?”

“కడగక? ఏ ఉప్పు మడిల ఎవడు తొక్కిండో. మన్ను తిననీకె వచ్చినవా పుట్టింటికి?”

“తినేదే అని మీద రాసి ఉన్నది గద.”

“రాసినోడొచ్చి నా పప్పుల రాళ్లేరుతడా?”

కోస్గిలో మా ఇంటి వాకిట్లో, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, నాకూ నా కొడుకు బిడ్డకూ జరిగిన కొట్లాట ఇది. అది తొలి కాన్పుకని ఆ వారమే వచ్చింది. దాని గొంతు కింద కాస్త వాపు కనిపిస్తే కోడలు మహబూబ్‌నగర్ దవాఖానలో చూపించింది. మన మెట్ట నేలలో అయోడిన్ తక్కువని, ఎన్నో ఏళ్లుగా వానలు దాన్ని కడుక్కుపోయాయని, అందుకే ఇక్కడి జొన్నల్లోనూ బోరు నీళ్లలోనూ అది సరిపడా ఉండదని డాక్టరమ్మ చెప్పిందట. కడుపులో బిడ్డ మెదడు సరిగ్గా పెరగాలంటే అది ఉండి తీరాలట. గోలీలు రాసిచ్చి, ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడమని మరీ మరీ చెప్పి పంపింది.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. బండి మీద వచ్చే విడి ఉప్పు మానేసి ప్యాకెట్లు తెప్పించాను. మెత్తటిది కాదు, అది చేతిలోంచి తెలియకుండా జారిపోతుంది. పలుకులుగా ఉండే గల్లుప్పే తెప్పించాను. మా అత్త కాలం నుంచీ గల్లుప్పును వెదురు గంపలో పోసి, రెండు చెంబుల నీళ్లు గుమ్మరించి, పాత చీర మీద ఎండబెట్టాకే కుండకు ఎత్తుతాము. కారిన నీళ్లు కూడా పారబోయను. కింద తట్ట పెట్టి పట్టి, బర్రె కుడితిలో కలుపుతాను.

అవ్వా మనవరాళ్లం మూతులు తిప్పుకుని కూర్చున్నంతలో, ఇల్లిల్లూ తిరిగి ఉప్పు పరీక్ష చేస్తున్న ఆశా కార్యకర్త వచ్చింది. కొంచెం ఉప్పు ఇమ్మని అరచెయ్యి చాపింది. ఉప్పు చేతిలోంచి చేతికి ఇస్తే కొట్లాటలొస్తాయని నేను కుండలోది పళ్లెంలో పోసి నేల మీద పెట్టాను. కొట్లాట ఎట్లాగూ అయిపోయింది కదా అని మనవరాలు గొణిగింది.

అయోడిన్ ఉంటే రంగు తిరగాలంటూ ఆమె తన సీసాలోంచి ఒక చుక్క వేస్తే మా ఉప్పు తెల్లగానే ఉంది. పక్కింటామె తెచ్చిన ఉప్పు మీద వేస్తే వంకాయ పువ్వు రంగు తిరిగింది. నేను కొంగు బిగించి దుకాణపాయన్ని తిట్టడం మొదలుపెట్టాను. పక్కింటామె తనదీ ఆ దుకాణం ప్యాకెట్టే అంది. దానికీ ఒప్పుకోక, మా ఇంట్లో విప్పని ప్యాకెట్ తెచ్చి మూల కోశాను. చుక్క పడగానే అదీ వంకాయ పువ్వే.

అందరి చూపులూ మెల్లగా ఎండలో ఉన్న చీర మీదికి పోయాయి.

“అవ్వా,” అంది మనవరాలు, “వానలు ఎన్నో ఏండ్ల సంది చేసిన పని, నువ్వు రెండు చెంబులతోని చేసినవ్.”

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆశా కార్యకర్త, పాపం, ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తావని అడిగింది. బర్రెకని చెప్పాను.

“ఇగ మన బర్రెకు పుట్టే దుడ్డె బడికి పోతది,” అంది మనవరాలు.

అప్పుడు పడ్డాయి నవ్వులు. పక్కింటామె గడప మీద కూలబడింది. మనవరాలు కడుపు పట్టుకుని వంగిపోయింది. నవ్వకు, నొప్పులొస్తాయని కసురుతూ నేనూ ఆపుకోలేక, పళ్లు లేని నోటితో కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను. కాసేపటికి అదే నా పక్కకు జరిగి, గొంతు తగ్గించింది.

“నా బిడ్డకు ఏం గాదు గద, అవ్వా?”

“ఏం గాదు. ఇంకొకసారి కడిగితే నా చేతిలకెల్లి చెంబు గుంజుకో.”

గోలీలు మానొద్దనీ, ఉప్పును తడి తగలకుండా మూతపెట్టి ఉంచమనీ, వంట దించాకే వేయమనీ చెప్పి ఆశా కార్యకర్త వెళ్లిపోయింది. పోతూ పోతూ మూడిళ్ల అవతల నుంచి కూడా ఆమె నవ్వు వినబడింది.

మరునాడు పొద్దున కోసిన ప్యాకెట్‌ను కడగకుండా స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను. పప్పు పొయ్యి మీది నుంచి దించాక ఉప్పు వేశాను. ఒక గల్లుకు నల్లటి నలుసు అంటుకుని ఉంటే గోటితో గీకేశాను. మనవరాలు రెండోసారి అన్నం వడ్డించుకుంది.