గోడ మీద తాత పేరు

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలప్యాకెట్టు మీద తేదీ రెండుసార్లు చూస్తాను. ఎవరైనా ఊరికే నవ్వుతూ పలకరిస్తే ఇన్సూరెన్సు అంటగట్టడానికేమో అనుకుంటాను. బెంగుళూరు హూడిలో మా ఆఫీసువాళ్ళు నన్ను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో వేసింది అందుకేనని స్నేహితురాళ్ళు ఎగతాళి చేస్తారు. దొడ్డబళ్ళాపురం అవతల ఒక పాత పట్టుతోటను చూడ్డానికి జనాన్ని రానిస్తున్నారనీ, అక్కడ వెట్టిచాకిరీ చేసినవాళ్ళ పేర్లు గోడ మీద చెక్కిస్తున్నారనీ ఫోన్‌లో చదివినప్పుడు కూడా నాకు సంతోషం కలగలేదు. వెట్టి చేయించుకున్నవాళ్ళ వారసులే చేసినవాళ్ళ పేర్లు ఎందుకు చెక్కిస్తారు? ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను.

అయినా వెళ్ళక తప్పదు. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఆ తోటలోనే వెట్టివాడుగా బతికాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అనంతపురం వైపు నుంచి చిన్నతనంలోనే తెచ్చి అక్కడ పడేశారనీ, పెళ్ళయ్యాక ఎలాగో తప్పించుకుని బెంగుళూరు చేరాడనీ, అమ్మ ఇక్కడే పుట్టిందనీ కథ. ఆ కథ నాకు చాలా పనికొచ్చింది. స్కూల్లో వ్యాసరచన కప్పు దాంతోనే కొట్టాను. ఆఫీసులో ఎవరైనా తమ జమీందారీ తాతల గొప్పలు మొదలుపెడితే నేను మా తాతను తీసి ముందు పెట్టేదాన్ని, వాళ్ళు గమ్మునైపోయేవాళ్ళు. అలాంటి తాత పేరు ఆ గోడ మీద ఉండి తీరాలి. నేను బయల్దేరింది ఆ ఒక్క పనికే.

అమ్మ ససేమిరా అంది. ఆమె రిటైరైన నర్సు, డెబ్భై దాటాయి.

"ఏముండాది ఆడ చూసేదానికి? నేనెప్పుడూ పోయిందాన్ని కాదు. నా మోకాళ్ళు నొస్తాండాయప్పా."

ఆ మోకాళ్ళ మీదా నాకు అనుమానమే. చర్చి ఆడవాళ్ళతో కలిసి నంది కొండకు పోయినప్పుడు అవి ఏమీ అనలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక బలవంతంగా కారెక్కించాను. దారి పొడుగునా కిటికీ వైపే తిరిగి కూచుంది. అలిగిందనుకున్నాను.

గేటు దాటగానే ఒక కొత్త జంట మల్బరీ చెట్ల మధ్య పెళ్ళి ముందు ఫోటోలు తీయించుకుంటోంది. "చూశావా అమ్మా, అసలు వ్యాపారం ఇదీ" అన్నాను గెలిచినదానిలా. తోట యజమానుల ఇంటి కోడలు ఎదురొచ్చి అల్లం టీ ఇచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నేను టీ కూడా వాసన చూసి తాగాను.

"మొదట బోర్డు మీద వర్కర్స్ అని రాశామండీ" అంది ఆమె. "తర్వాత తీసేశాం. వర్కర్ అయితే నచ్చకపోతే వెళ్ళిపోవచ్చు కదా. వీళ్ళకి ఆ చాయిస్ లేదు."

పట్టుపురుగు రేయింబవళ్ళు ఆకు తింటూనే ఉంటుందనీ, అందుకని ఆకు కోసేవాళ్ళకు పండగ లేదు, చావు లేదు అనీ చెప్పింది. ఇక్కడ పుట్టిన బిడ్డ తోటకే చెందేదట. పారిపోయినవాళ్ళను వెతికి పట్టుకొచ్చి మల్బరీ బెత్తంతో కొట్టేవాళ్ళట. మసిలే నీళ్ళలోంచి పట్టుగూళ్ళు తీసి తీసి ఆడవాళ్ళ వేళ్ళు ముడుచుకుపోయేవట. "ఇదంతా చేయించింది మా మామగారి నాన్నే" అని నీళ్ళు నమలకుండా చెప్పేసింది. నాకు ఒళ్ళు మండింది. తప్పు పడదామంటే ఎక్కడా సందు ఇవ్వడం లేదు.

బంగళా వెనక వెట్టివాళ్ళ గదులు చూపించింది. ఒకే వరసలో పన్నెండు. ఒక్కదానికీ కిటికీ లేదు. వాటికి ఎదురుగా అరుగుతో, రెండు కిటికీలతో విడిగా ఒక ఇల్లు.

"ఇది మేస్త్రీ ఇల్లు. ఊళ్ళనుంచి మనుషుల్ని తెచ్చిందీ, కాపలా కాసిందీ, కొట్టిందీ ఆయనే. ఆయన మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు" అంటూ ఆమె ఎవరో పిలిస్తే అటు పోయింది.

లోపల చీకటి. నేను ఫోన్ లైటు కోసం తడుముకుంటున్నాను. అమ్మ నాకంటే ముందు గడప దాటింది. దాటుతూనే ఆమె కుడిచెయ్యి తలుపు వెనక్కి పోయి, అక్కడ గోడలో ఉన్న గూట్లో దేన్నో వెతికింది. తలుపు తీసి ఉంటే ఆ గూడు కనపడదు. లైటు వేశాక, తలుపు జరిపితే గాని నాకే కనపడలేదు. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని కొంగుకు తుడుచుకుంది.

లోకంలో అందరినీ అనుమానించాను గాని, నన్ను కన్న మనిషిని ఒక్కసారీ అనుమానించలేదు.

"ఎన్నేళ్ళున్నావు ఇక్కడ?" అన్నాను.

"తొమ్మిదేండ్లు." మళ్ళీ తనే అంది: "మీ తాత చచ్చేదాకా వెట్టివాణ్ణనే చెప్పుకున్యాడు. నేను కాదనలేదు. నువ్వు వ్యాసం రాసి కప్పు తెచ్చుకున్యాక ఇంక యా నోటితో చెప్పేది?"

నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ఎవరూ చూడకుండా కారెక్కి పోదామనిపించింది. కానీ బయటికి రాగానే ఇంటి కోడలు మమ్మల్ని వసారాలో బల్ల దగ్గరికి తీసుకుపోయింది. బల్ల మీద లావుపాటి పుస్తకం, వెనక ఎనభై ఏళ్ళ ముసలామె.

"ఈమె ఆ వరసగదుల్లోనే పుట్టింది. గోడ మీదికి పోయే ప్రతి పేరూ ఈమె సరిచూస్తుంది."

ముసలామె అమ్మ ముఖంలోకి చూసింది. "ఎవురి బిడ్డవమ్మా?"

"ఊరికే చూడ్డానికొచ్చాం" అన్నాను నేను, అమ్మ మోచెయ్యి పట్టుకుని.

అమ్మ నా చెయ్యి విడిపించుకుంది. "మేస్త్రీ కూతుర్ని" అంది.

ముసలామె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆమె పుస్తకం తిప్పి, ఖాళీగా ఉన్న పేజీలు మా ముందుకు జరిపింది.

"ఐదో గది, తొమ్మిదో గది. వాళ్ళలో ఎవురూ మిగల్లేదు. పేర్లు నాకు గుర్తు రాలేదు. మీ నాయన పొద్దున్నే అరుగు మీద నిలబడి హాజరు పిలుస్తాండె. నువ్వు పక్కనే కూచోని ఇంటాంటివి. చెప్పు."

అమ్మ మొదటి గది నుంచి మొదలుపెట్టింది. రెండు గదుల దాకా తడుముకుంది. ఆ తర్వాత గొంతు మారిపోయింది. అది నేనెరిగిన గొంతు కాదు, తాతది. కరుగ్గా, తెంచినట్టుగా ఒక్కో పేరూ. పేరు చివర అన్న లేదు, అమ్మ లేదు. ఆటో డ్రైవరును కూడా అన్నా అని పిలిచే మనిషి, ముసలీ ముతకా అందరినీ వట్టి పేర్లతో పిలుస్తోంది. ఐదో గదిలో నలుగురు వచ్చారు. ఇంటి కోడలు తలెత్తకుండా రాసుకుంటోంది.

ఏడో గదిలో అమ్మ ఒక పేరు పిలిచింది. ముసలామె బల్ల అంచు పట్టుకుని గబుక్కున లేచి నిలబడింది.

"ఉండా" అంది, హాజరు పలికినట్టు.

నిలబడ్డాక గాని తనేం చేసిందో ఆమెకే తెలియలేదు. "కూచో అక్కా" అంది అమ్మ ఏడుస్తూ.

ముసలామె కూచోలేదు. "తొమ్మిదో గది ఇంకా రాలేదు" అంది.

అమ్మ కళ్ళు తుడుచుకుని ఎనిమిదో గది అందుకుంది. ఈసారి పేరు మెల్లగా పలికి చివర అన్న అని చేర్చింది. ముసలామె తల అడ్డంగా ఊపింది.

"అట్ల పిలిస్తే వాళ్ళెవురో నాకు తెలీదు. మీ నాయన పిలిచినట్లే పిలువు."

అమ్మ పిలిచింది.