బాబినత్త చేతిలో మిగిలిన చక్రం

బాబినత్త ఒకరోజు మధ్యాహ్నం భూమిని ఆపేసింది. రెండు గంటలకు ఆపి, నాలుగుకి పది నిమిషాలుండగా మళ్ళీ తిప్పింది. ఆ గంటా యాభై నిమిషాలూ పాపం సూర్యుడే పడుతూ లేస్తూ భూమి చుట్టూ తిరిగాడు. నమ్మనివాళ్ళు ఆ వీధిలో ఎవరినైనా అడగవచ్చు. ఆ పూట సగంమందికి కళ్ళు కూడా తిరిగాయట.

ఆవిడ కుట్టుమిషన్ల మెకానిక్కు. కొట్టు ముందు భాగంలో భర్త బట్టలు కుడతాడు, వెనక భాగంలో ఆవిడ మిషన్లు విప్పుతుంది. వీధంతా ఆవిడని అత్తంటుంది కాబట్టి ఆయన అడక్కుండానే అందరికీ మావయ్య అయిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ విప్పి బిగించిన ఏ మిషన్లోంచీ ఒక్క స్క్రూ కూడా పళ్ళెంలో మిగల్లేదు. పక్కవీధి మెకానిక్కు ఒకసారి గుప్పెడు సామాను మిగుల్చుకుని, “కంపెనీవాళ్ళే ఎక్కువ వేశారు” అన్నందుకు ఆవిడ అతనితో ఏడాదిపాటు మాట్లాడలేదు.

ఆ రోజు పొద్దున్నే మేనల్లుడు ఒక అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. దగ్గర్లోని బడిలో సైన్సు మాస్టారతను. పెట్టెలో ఒక ఇత్తడి యంత్రం ముక్కలుగా పడి ఉంది. పిడి తిప్పితే గ్రహాలు తిరగాలి. మధ్య కడ్డీ మీద ఒక బంతి, చుట్టూ ఆరు చేతులు, చేతికో బంతి. పిల్లలు తిప్పీ తిప్పీ బంతులన్నీ ఊడగొట్టారు, పళ్ళచక్రాలు అరగ్గొట్టారు.

“నాలుగింటికి ఇది తిరగాలత్తా. తిరిగితే మాకిచ్చిన గది సైన్సు గది. తిరక్కపోతే అందులో విరిగిన బెంచీలు పడేస్తానంటోంది హెడ్మిస్ట్రెస్. రెండేళ్ళు బతిమాలితే వచ్చిన గది!”

“ఏడవకురా, మాస్టారివి. ఏ బంతి ఎక్కడో చెప్పిపో.”

“పెట్టెలో బొమ్మ ఉంది చూడు” అంటూ బడిగంట వినబడి పరుగెత్తాడు.

పెట్టెలో కాయితం ఒకటి ఉంది గానీ అది యంత్రం బొమ్మ కాదు. పిల్లలు బడి మేడెక్కి అంగారకుడిని నెలల తరబడి చూసి, చుక్కల మధ్య ఎప్పుడెక్కడున్నాడో గుర్తులు పెట్టిన కాయితం. అసలు బొమ్మ మాస్టారి బల్ల సొరుగులో నిద్రపోతోంది.

బాబినత్త కంగారుపడలేదు. మధ్యాహ్నానికి చక్రాలు సరిచేసి, బంతులను ఒక్కొక్కటిగా వెలుతురుకి ఎత్తి, వాటి కన్నాల్లోకి చూసింది. చూసి చూసి, నీలంరంగు భూమిని తీసుకెళ్ళి నడిమి కడ్డీకి గుచ్చింది.

పరదా పక్కనుంచి మావయ్య తొంగి చూశాడు. “మధ్యలో సూర్యుడుంటాడని చిన్నప్పుడు చదివినట్టు గుర్తే.”

“మీ చదువు నాకు తెలీనిదా? ఇటు చూడండి. తిరిగేదాని కన్నం అరుగుతుంది. ఈ నీలం బంతి కన్నం ఎంత గుండ్రంగా ఉందో చూడండి, కొత్తపెళ్ళికొడుకులా! అంటే ఇది కదల్లేదు. పసుపు బంతి కన్నం కోలగా అయిపోయింది. ఎంత తిరిగి ఉంటుందో పాపం.”

“అది అన్నిట్లోకీ పెద్దది కదే.”

“పెద్దవన్నీ కదలకుండా కూర్చుంటాయా ఏంటి? కదలకుండా కూర్చునేది ఈ ఇంట్లో మీరొక్కరే.”

మావయ్య తల వెనక్కి తీసుకున్నాడు. సూర్యుడు మూడో చేతికి ఎక్కాడు.

పిడి తిప్పితే అన్నీ నున్నగా తిరిగాయి. కానీ పిల్లల కాయితం ఆవిడ మనసుని మెలిపెట్టింది. దాని మీద అంగారకుడు ముందుకు నడిచి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు పోయాడు. యంత్రంలో ఎర్రబంతి మాత్రం వెనక్కి చూడకుండా పరుగెడుతోంది.

“ఇది మెలికలేసుకుంటూ పోయే గొలుసుకుట్టండీ!” అని అరిచింది బాబినత్త. బాబిన్‌కి దారం చుట్టే చిన్నచక్రం ఒకటి తెచ్చి నాలుగో చేతి చివర బిగించింది, దాని అంచుకి ఎర్రబంతిని తగిలించింది, సన్నటి బెల్టు వేసింది. పెద్దచక్రం తిరుగుతుంటే చిన్నచక్రం దానిమీద తిరిగింది. ఎర్రబంతి గాలిలో అందంగా మెలికలు వేసింది.

మూడున్నరకి మాస్టారు వచ్చి చూసి తల పట్టుకుని కూలబడ్డాడు. “అత్తా! భూమిని మధ్యలో కూర్చోబెట్టావేంటి!”

ఆవిడ కన్నాల సంగతి చెప్పింది.

“పాత భూమిని పిల్లలు ఆటలో పారేస్తే పోయిన నెలే కొత్తది వేయించానత్తా! సూర్యుడి కన్నం అరిగింది వాళ్ళు వేళ్ళతో గిర్రున తిప్పి తిప్పి!”

బాబినత్త మొహం చిన్నబోయింది. ముప్ఫై ఏళ్ళలో కన్నం ఆవిడకి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

మాస్టారు పిడి ఊరికే ఒకసారి తిప్పాడు. ఎర్రబంతి మెలిక వేసింది. అతను తలమీంచి చెయ్యి తీసేశాడు. “ఈ చిన్నచక్రం నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలిరా? మీ కాయితమే చెప్పింది.”

“పాతకాలం ఖగోళ పండితులు చేసింది అచ్చం ఇదే! కాళ్ళకింద నేల కదలట్లేదు కాబట్టి భూమి మధ్యలో ఉందన్నారు. గ్రహాలు వెనక్కి నడుస్తుంటే పెద్దచక్రం మీద చిన్నచక్రం పెట్టారు. వెయ్యేళ్ళ పైన దాంతోనే లెక్కలు నడిపారు.”

“అన్నేళ్ళు నడిపారంటే మంచి మెకానిక్కులేరా. మరి ఎందుకు మార్చారు?”

“సూర్యుణ్ణి మధ్యలో పెడితే ఆ మెలిక దానంతటదే వస్తుందత్తా. వేరే సర్దుబాట్లకి చిన్నచక్రాలు ఇంకొన్నాళ్ళు ఉన్నాయిలే గానీ, వెనక్కి నడిపించడానికి మాత్రం అక్కర్లేకపోయింది.”

“దానంతటదే రావడమేంటి?” అంటూనే ఆవిడ స్క్రూడ్రైవర్ అందుకుంది. చిన్నచక్రం పీకి, ఎర్రబంతిని చేతికే గుచ్చి, సూర్యుణ్ణీ భూమినీ తారుమారు చేసింది. పిడి మావయ్యకిచ్చి, తను వంగి, భూమి బంతి పక్కనే కన్ను పెట్టి, దాంతోపాటే జరుగుతూ చూసింది. ఎదురుగా గూట్లో దారపు రీళ్ళు వరసగా ఉన్నాయి. ఎర్రబంతి తెల్లరీలు దాటింది, పచ్చరీలు దాటింది, నల్లరీలు దగ్గర ఆగింది. భూమి దాన్ని దాటిపోతుంటే మెల్లగా మళ్ళీ పచ్చరీలు మీదికొచ్చింది!

“బస్సులో మనం ముందుకెళ్తుంటే పక్క బస్సు వెనక్కెళ్ళినట్టుందిరా” అంది బాబినత్త. చేతిలో ఖాళీగా మిగిలిన చక్రాన్ని మాత్రం చాలాసేపు చూసుకుంది.

నాలుగింటికి బడిలో హెడ్మిస్ట్రెస్ ముందుగా చూసింది కూడా ఆవిడ చేతిలోని ఆ చక్రాన్నే. “సామాను మిగిల్చారేంటండీ? అంటే సరిగ్గా బిగించనట్టేగా? బెంచీలు తెప్పిస్తాను.”

 బాబినత్త గభాలున హెడ్మిస్ట్రెస్ భుజం పట్టి కిందికి వంచింది. “ముందు ఇక్కడ కన్ను పెట్టండమ్మా. ఇప్పుడు మీరు భూమ్మీదున్నారు. అటు కిటికీ ఊచలు లెక్కపెడుతూ ఎర్రదాన్నే చూడండి. ఒరేయ్, తిప్పరా.”

మాస్టారు తిప్పాడు. హెడ్మిస్ట్రెస్ పీతలా పక్కకి జరుగుతూ చూసింది. “నాలుగో ఊచ... అయిదు... ఆగిందేంటి? అయ్యో, వెనక్కొస్తోందండీ!”

“అలా రప్పించడానికే ఇందాక ఈ చక్రం పెట్టాను. ఇది లేకుండానే వస్తోంది. అందుకే మిగిలింది.”

హెడ్మిస్ట్రెస్ లేవలేదు. “ఇంకోసారి తిప్పండి మాస్టారూ” అంది. ఆరుసార్లు తిప్పించుకుంది. విరిగిన బెంచీలు మెట్లకిందికి పోయాయి. చిన్నచక్రం అద్దాల పెట్టెలో, యంత్రం పక్కనే, గదిలో ఉండిపోయింది.

అప్పటినుంచి వీధిలో కథ రోజురోజుకీ లావెక్కుతోంది. బాబినత్త విశ్వాన్ని విప్పి, నూనె పోసి, ఎప్పటినుంచో అందులో ఎక్కువైన భాగాన్ని పీకి పారేసిందని మావయ్యే బట్టలిచ్చేవాళ్ళందరికీ చెబుతున్నాడు. పరదా వెనకనుంచి ఆవిడ జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే:

“విశ్వం లేదు, ఏం లేదు. బంతులు రెండు తప్పు పెట్టాను, తీసి సరిగ్గా పెట్టాను. ఆ చక్రం మన డబ్బాలోదే. దాన్ని తెచ్చివ్వమనండి, ఇక్కడో మిషన్ ఆగిపోయి ఉంది.”