ముడులన్నీ విప్పిన రోజు

మొన్న నరసరావుపేట చేపల బజారులో, ఐసుముక్కల మీద వరసగా పడుకోబెట్టిన బొచ్చె చేపలను చూస్తూ, బేరమాడడం మరిచిపోయి ఏటి వాసన కోసం వెతుక్కుంటూ నిలబడిపోయాను. పంతొమ్మిదివందల నలభైలలో నేను మిషన్ ఆసుపత్రిలో కొత్తగా నర్సునైనప్పుడు, చేపలు తడిగంపలో మా గేటు దాకా నడిచి వచ్చేవి. తెచ్చే ఆమెను మేమంతా పిన్నీ అనేవాళ్ళం. ఆ రోజుల్లో పల్నాట్లో నర్సు చదువు చదివిన ఆడపిల్ల అంటే ఎంత అనుమానమో నా ఈడు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పిన్నికి మాత్రం నా మీద కొండంత నమ్మకం.

ఒక వానాకాలం ఉదయం ఆమె గంప లేకుండా పరుగెత్తుకొచ్చింది. కోడలికి ముందురోజు నుంచి నొప్పులు, బిడ్డ దిగడం లేదు. డాక్టరమ్మ గురజాల వైపు ఊళ్ళు తిరగడానికి వెళ్ళింది, మధ్యాహ్నానికి గాని రాదు. సంచీ తీసుకుని నేనే బయలుదేరాను. రేవులో పిన్ని కొడుకు పుట్టితో సిద్ధంగా ఉన్నాడు. గంపలా గుండ్రంగా ఉండే ఆ తోలు పుట్టి పోటుకు గిరగిరా తిరుగుతుంటే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. వాళ్ళ పల్లె కృష్ణ నడుమ లంక మీద ఉండేది. తాటిదుంగలు పాతి, వాటి మీద తడికెల ఇళ్ళు కట్టుకున్నారు. వరదొస్తే ఏరు కింద నుంచి పోతుంటుంది, పైన వీళ్ళు వంట చేసుకుంటూ ఉంటారు. మరో రోజైతే ముచ్చటపడి చూసేదాన్నేమో. అతను పుట్టిని దుంగకు కట్టి నన్ను నిచ్చెన ఎక్కించాడు.

ఆ పిల్ల నా ఈడుదే. పొట్ట మీద చెయ్యి వేసి చూశాను. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, అది నా చేతిలో పని కాదు, డాక్టరమ్మ వచ్చే వేళకు ఆసుపత్రికి చేర్చగలిగితేనే ఆశ. పుట్టి ఎక్కించండని కేకేస్తూ బయటికి వచ్చి కిందికి చూశాను. పుట్టి లేదు.

కాన్పు కష్టమైతే ఇంట్లో ముడి అన్నది ఉండకూడదని వాళ్ళ నమ్మకం. తలముడి, వలతాళ్ళు, ఉట్టి, చివరికి పుట్టి తాడు కూడా విప్పేస్తారు. మామూలుగా దాన్ని గట్టు మీదికి లాగి మరీ విప్పుతారట. ఆ రోజు ఏరు ఇళ్ళ కిందికి వచ్చేసింది, లాగడానికి గట్టే మిగల్లేదు. కోడలి కేకలు వింటూ వింటూ ఉన్న పిన్నికి ఆ సంగతి తట్టలేదు, తాడు విప్పేసింది. తక్కిన మగవాళ్ళు తమ పుట్లు తీసుకుని తెల్లవారకముందే వేటకు పోయారు.

కొడుకు పుట్టి కోసం ఏట్లోకి దూకాడు. ఆ తర్వాత గడిచిన పూట గురించి రాయడం నాకు చేతకాదు. వచ్చిందంతా చేశాను, రానిది కూడా చేశాను, పిన్నిని నోటికొచ్చినట్టు తిట్టాను, ప్రభువును బతిమాలాను, ఆయన పలక్కపోతే వాళ్ళ గంగమ్మను బతిమాలాను. ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. "నన్నిడిచి పోబాక నర్సమ్మా" అని గొంతు ఆగిపోయేదాకా అంటూనే ఉంది.

పొద్దు వాలుతుండగా కొడుకు ఎక్కడో దిగువన దొరికిన పుట్టిని ఏటికి ఎదురు లాక్కుంటూ వచ్చాడు. "తెచ్చినానే అమ్మా, దాన్ని దింపండి!" అని కింద నుంచే రొప్పుతూ అరిచాడు. పైన నేను, అప్పటికే చల్లబడిన ఆ పిల్ల చేతిలోంచి నా చెయ్యి విడిపించుకుంటున్నాను.

మర్నాడు ఏరు తగ్గి, తల్లినీ బిడ్డనూ మట్టి చేశాక, నన్ను సాగనంపడానికి పిన్ని మోకాటిలోతు నీళ్ళలోకి వచ్చి నిలబడింది. "నేను ముడి ఇప్పబట్టే పోయిందా, నర్సమ్మా?" అంది. "కాదు పిన్నీ, పుట్టి ఉన్నా దక్కేది కాదు" అన్నాను.

ఆ లంక ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. పిన్ని ఏనాడో పోయింది, నా మాట నమ్మే పోయిందనుకుంటాను. మా మనవరాలు సత్తెనపల్లిలో కాన్పుల డాక్టరు. అడ్డం తిరిగిన బిడ్డను భోజనాల వేళకు ముందే తీసి, తల్లి పక్కన పడుకోబెట్టి, ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ కబురు నాకు చెబుతుంది. పుట్టి ఉంటే ఆ పిల్ల దక్కేదా అని అడిగితే ఇట్టే చెప్పేస్తుంది. ఇన్నేళ్ళయినా అడగలేకపోతున్నాను.