దిగడానికి కూడా రూపాయి

మా మేనత్త మోకాళ్ళు చూపించుకోవడానికి విజయనగరం నుంచి మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వచ్చింది. సికింద్రాబాదులో పేరున్న మోకాళ్ళ డాక్టరు ఐదో అంతస్తులో కూర్చునేవాడు. మెట్లెక్కి రాగలిగినవాడికి జబ్బు లేనట్టేనని ఆయన లెక్క కాబోలు.

లిఫ్టు పక్కన బోర్డు: "సందర్శకులకు సౌకర్య రుసుము. ఎక్కడానికి రూపాయి, దిగడానికి రూపాయి." ఎక్కేటప్పుడు అత్త మారుమాట లేకుండా ఇచ్చింది. రెండు మోకాళ్ళకూ సూదులు పొడిపించుకుని మళ్ళీ లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. ఐదుకి ఆవిడ ఊరెళ్ళే రైలు. సామాను అప్పటికే స్టేషన్ క్లోక్‌రూములో ఉంది.

లిఫ్టులో స్టూలు మీద కూర్చున్నతను చెయ్యి చాపాడు.

"దిగడానికి డబ్బులేటి బాబూ? ఎక్కించడానికంటే సరే, కరెంటు ఖర్చు. దిగేటప్పుడు మన బరువుకి అదే దిగుతాది కదా!" అంది అత్త.

"గవన్నీ నాకు తెల్వదమ్మా. సెక్రటరీ సాబ్ రూల్ పెట్టిండు. వద్దంటే మెట్లున్నయి, జెర మెల్లగ దిగుండ్రి."

నేను జేబులో చెయ్యి పెట్టాను.

"ఇచ్చావంటే నీ గుమ్మం తొక్కను" అని అత్త అక్కడున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. లిఫ్టు రెండుసార్లు కిందికి పోయి వచ్చింది. మేం కదల్లేదు.

ఇలాంటప్పుడే నా నాలుక ఊరుకోదు. "ఈవిడెవరనుకున్నావ్? సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓనరుగారి తల్లి. మీ ఏడో అంతస్తు మొత్తం అద్దెకు తీసుకుందామని వచ్చారు. ఈ బోర్డు చూసి వెనక్కి పోతున్నారు" అన్నాను.

ఖాళీ అంతస్తున్న ప్రతివాడూ సాఫ్ట్‌వేర్ కంపెనీ కోసం వాకిలి ఊడ్చుకుని ఎదురుచూసే రోజులవి. లిఫ్టతని కబురందగానే బిల్డింగ్ సెక్రటరీ మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చాడు. ఆ ఊపులో ఆయన చెప్పొకటి మూడో అంతస్తులోనే ఉండిపోయింది. వద్దంటున్నా వినకుండా మమ్మల్ని లిఫ్టెక్కించి, పైసా తీసుకోకుండా, పైకి పట్టుకుపోయాడు.

ఏడో అంతస్తులో దుమ్ము, పావురాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. మమ్మల్ని వదిలి లిఫ్టు కిందికి పోయింది. సెక్రటరీ దాని బొత్తానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా బిల్డింగ్ ఓనర్ సాబ్ ఏ.ఎస్. రావు నగర్ల బయల్దేరిండు. అర్ధగంటల వస్తడు, కూసోండ్రి" అన్నాడు సెక్రటరీ.

కిటికీలోంచి స్టేషన్ రేకుల కప్పులు కనిపిస్తున్నాయి. అత్త వాటికేసి చూసి, నాకేసి చూసింది. "ఐదు అంతస్తులు దిగలేనంటే ఏడుకి ఎక్కించావేట్రా?" అంది. తర్వాత సెక్రటరీ వైపు తిరిగింది. "బాబూ, మాకు కంపెనీ లేదు, ఏటీ లేదు. వీడు కోతలు కోశాడు. నన్ను దింపించు, రైలుంది."

ఆయన పకపకా నవ్వాడు. "అమ్మా, మీరు బేరం మస్తు జేస్తరు. సరే, అడుగుకు రూపాయి తగ్గిస్తం."

"నిజమండీ, నేను అబద్ధమాడాను" అన్నాను.

"పెద్ద పార్టీలు గిట్లనే అంటరు సార్."

నేను జన్మానికొక నిజం చెబితే దానికి అద్దెలో తగ్గింపు వచ్చింది గానీ, లిఫ్టు రాలేదు. టీ వచ్చింది. తాగుతుంటే నాలుగు కావస్తోంది. టీ తెచ్చినవాడు ఖాళీ గ్లాసులతో హాయిగా మెట్లు దిగి పోతుంటే అత్త కళ్ళప్పగించి చూసింది.

చూసి చూసి అడిగింది. "ఇయాళ మంగళవారం కదా బాబూ?"

"అవునమ్మా."

"మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఈ వేళలో మేం చూడ్డమే తప్పు. ఓనరు కూడా వచ్చి మాటలు మొదలెట్టాడంటే ఈ అంతస్తు ఇంకెవరూ తీసుకోరు."

సెక్రటరీ గడియారం చూసుకున్నాడు. లిఫ్టు బొత్తాం మీంచి వేలు తియ్యకుండానే ఓనరుకు ఫోన్ చేసి వెనక్కి తిరగమన్నాడు. లిఫ్టతను అలవాటుగా చెయ్యి చాపితే "పైసలేందిరా, తలుపు మూయ్!" అని కసిరాడు. కింద తనే ఆటో పిలిచి అత్తను చెయ్యిపట్టి ఎక్కించాడు.

సామాను తీసుకుని అత్తను రైలుపెట్టె ఎక్కించేసరికి బండి కదలడానికి సిద్ధంగా ఉంది. అత్త కిటికీ ఊచల్లోంచి నన్ను దగ్గరికి రమ్మంది.

"ఎలాగూ లేని కంపెనీయే కదరా. కింది అంతస్తు అడక్కపోయావా, వెధవా?"