కాలేజీల సీటొచ్చింది, అంజయ్య మందెనక పోయిండు

ఇయ్యాల పాలమూరు కాలేజీల వాలీబాల్ జట్టుకు పిల్లగాండ్లను ఎంచుకున్నరు. నేను కోస్గి బడిల డ్రిల్ సారును. బయట మ్యాచులాడితెనే కాలేజీల నిలబడతరని, ఎండకాలమంత మా పిల్లగాండ్లను బస్సులల్ల ఊరూరు తిప్పిన. భువనగిరి దాక పోయొచ్చినం. కొత్త జనాన్ని జూస్తె బంతి ఇడిచిపెట్టే అంజయ్య, సెలవులు అయిపోయెటాలకు ఎవ్వలు ఎగతాళి జేసినా తల తిప్పకుండ ఆడుడు నేర్చిండు.

ఇయ్యాల వాడు కొట్టిన బంతిని అవుతలోళ్లు ఒక్కటి గూడ లేపలే. కాలేజీ సారు వాని భుజం తట్టి, "సీటు పక్కా, హాస్టల్ గూడ ఇప్పిస్త" అన్నడు. నాకు కాలు నేలమీద ఆనలే.

అంతల్నె అంజయ్య వాళ్ల బాపు వచ్చిండు. "సారూ, వానల్లేవు, గడ్డి లేదు. రేపు గొర్ల మందను కృష్ణ ఒడ్డుకు తోలుకపోవాలె. పెద్దోడు దవాఖానల ఉన్నడు. వీడు రాకుంటె నాతోని కాదు" అన్నడు.

"ఒక్క ఏడాది జర ఓపిక పట్టరాదా?" అన్న.

"నేను పడ్త సారూ. గొర్లు పడ్తయా?"

ఆయన కోపంతోని అనలే. అంజయ్య దోస్తు దగ్గర తెచ్చుకున్న బూట్లు విడిచి, తిరిగి వాని చేతిల పెట్టి, నాకు దండం పెట్టి బాపు ఎనక నడిచిండు. కాలేజీ సారు ఆ జాగాల ఇంకొకన్ని నిలబెట్టి ఆట మొదలువెట్టిచ్చిండు.

ఇంటికొచ్చినంక అన్నం సయించలే. వచ్చే ఏడు గూడ పిల్లగాండ్లను తిప్పుమని హెడ్మాస్టరు అంటున్నడు. తిప్పుత, నాకొచ్చిన పని గదొక్కటే. గని ఆ తండ్రికి ఏం జెప్పాల్నో మీలెవ్వరికన్న తెలిస్తె, జర నాకు చెప్పుండ్రి.