ఒక్క గూటి పోగు

మదనపల్లె పార్కు మధ్యలో ఉన్న వేధశాలను ఊళ్ళోవాళ్ళు దుర్భిణీ రూము అంటారు. గుండ్రటి గోడలు, పైన రేకు గుమ్మటం. ఎవరో మిషన్ దొర కట్టించి నూరేళ్ళు దాటింది. మిషన్ బడిలో ల్యాబ్ అటెండరుగా రిటైరైన జయరత్నం ప్రతి శనివారం పొద్దుగూకాక దాని తలుపు తీసి, వచ్చినవాళ్ళకు ఆకాశం చూపిస్తాడు.

పాపక్క ఆ పార్కు ఊడ్చే మనిషి. అంతకుముందు ముప్పై ఏళ్ళు వెంకటగిరికోట దగ్గర చరకా మీద పట్టుదారం తీసింది. మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు కలిపి కలిపి ఆమె వేళ్ళ కొసలు పాలిపోయాయి. యంత్రాలు వచ్చి చరకాలు మూలపడ్డాక ఈ నెలజీతం పని దొరికింది.

ఆ శనివారం గుడుపల్లె బడి పిల్లలు వస్తున్నారని, మంగళవారం జయరత్నం ఆమెను లోపల దుమ్ము తుడవమన్నాడు. పెద్ద దుర్భిణీకి పక్కనే చిన్నదొకటి బిగించి ఉంటుంది. గురి చూసేది దాంట్లోనే. దానికి కన్ను పెట్టే గొట్టాన్ని విప్పి బల్ల మీద ఉంచి ఆయన టీకి పోయాడు. వచ్చేసరికి బల్ల తళతళలాడుతోంది.

"గొట్టంలో సాలీడు పోగులుంటే తీసేసినా సార్. ఎన్నేళ్ళ బూజో!" అంది పాపక్క.

జయరత్నం గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి స్టూలు మీద కూలబడ్డాడు.

"సాలీడు పోగే గానీ బూజు కాదమ్మా. నిలువుకొకటి, అడ్డానికొకటి కావాలని కట్టినారు. అవి కలిసేకాడికి చుక్కను తెస్తేనే పెద్దదాంట్లో కనపడేది. చెప్పకుండా పోయినాను, తప్పు నాది."

తాళాల కోసం వచ్చిన పార్కు సూపర్వైజరు మునికుమార్ ఇదంతా విన్నాడు. "మీరు జీతం లేకుండా చేసేవాళ్ళు సార్, మిమ్మల్నేమంటాను? పాపక్కా, శనివారం పిల్లోళ్ళకు సుక్కలు కనపడకపోతే సోమవారం నుంచి నువ్వు పనికి రావద్దు."

పాపక్క గొట్టంలోకి తొంగి చూసింది. "ఆ పోగు ఎంత సన్నం ఉండాల సార్?" అని జయరత్నాన్ని అడిగింది.

ఆయన తన వెంట్రుక ఒకటి కట్టి చూపించాడు. గొట్టంలోంచి చూస్తే అది మోకులా అడ్డంపడింది.

మర్నాడు పాపక్క పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయింది. మునెప్ప అనే రైతు రాశి ముందు నిలబడి, "ఒక గూడు ఈయప్పా," అంది.

"ఒకటా! చీరకా అక్కా, జాకెట్టుకా?"

"సుక్కకు గురి పెట్టేదానికి. ఊరికే ఇస్తే ఆ సుక్కకు నీ పేరు పెడతా."

"వద్దు తల్లీ, మా ఇంటిది నవ్వుతాది," అని మంచి గూడు ఏరి ఇచ్చాడు.

దుర్భిణీ రూములో జయరత్నం స్టవ్ వెలిగించాడు. పాపక్క గూటిని ఉడికించి, చీపురు పుల్లతో కొస పట్టింది. "ఎనిమిది గూళ్ళ పోగులు కలిస్తే ఒక దారం సార్. ఒక్క గూటి పోగు ఎవురికీ అక్కరకు రాదు." ఆమె వేళ్ళ మధ్య ఆయనకేమీ కనిపించలేదు.

గొట్టం లోపలి ఉంగరానికి నాలుగు గాట్లున్నాయి. ఆయన ఉంగరాన్ని పట్టుకున్నాడు. రెండుసార్లు పోగు తెగింది.

"అట్ల ఊపిరి ఇడిస్తే ఎట్ల సార్? ఆపక్క తిరుక్కోండి."

మూడోసారి రెండు పోగులూ గాట్లలో కూర్చున్నాయి. పాపక్క తన కూతురు సంగీతది గోళ్ళ రంగు వెంట తెచ్చుకుంది; పోగుల కొసలు ఊడకుండా దాని చుక్కలు పెట్టింది.

"వదులుగా ఉండాది కదమ్మా?" అన్నాడు జయరత్నం.

"తడి మీద బిగిస్తే ఆరినాక తెగతాది. ఈడే పెట్టేసి పోదాం."

మర్నాడు మధ్యాహ్నానికి పోగులు వాటంతటవే బిగుసుకున్నాయి. శుక్రవారం జయరత్నం గొట్టాన్ని తిరిగి బిగించి, పెద్ద దుర్భిణీని హార్స్లీ కొండ మీది టవరుకు తిప్పి, చిన్నదాంట్లో కూడా దాని మొన పోగులు కలిసేచోటుకు వచ్చేదాకా చిన్నదాని మరలు సవరించాడు.

శనివారం చీకటి పడింది. మునికుమార్ చేతులు కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. జయరత్నం చిన్నదాంట్లో చూస్తూ గురుగ్రహాన్ని మెల్లగా పోగుల కూడలికి తెచ్చి, పెద్దదాంట్లో కన్ను పెట్టాడు. చూపు తేటపడేదాకా మర తిప్పాడు. తర్వాత పక్కకు తప్పుకుని, "రండి పిల్లలూ, నాలుగు చందమామలు కూడా ఉన్నాయి," అన్నాడు.

పిల్లలందరూ చూశాక మునికుమార్ వంగి చూశాడు. "ఒకే వరసలో ఉండాయే!" అన్నాడు.

పాపక్క వంతు వచ్చింది. ఆమె ముందు చిన్నదాంట్లో చూసింది. "బిగువు బాగుండాది," అంది. ఆ తర్వాతే పెద్దదాని దగ్గరికి పోయింది.

తలుపు వేసేటప్పుడు మునికుమార్ పాపక్క వైపు తిరిగాడు. "సోమవారం గేటు కాడ ఆకులు శానా ఉంటాయి, పెందలాడే రా. ఆ బల్ల మీద మాత్రం ఏముండినా ముట్టుకోవద్దు."

"అడిగి ముట్టుకుంటాలే అప్పా."