మంచులో పామ్ చెట్లు పెంచిన సీతాపతి గారు

ఇళ్లు అమ్మిపెట్టడం నా వృత్తి; గురువారం పొద్దున్న కొనడానికి వచ్చిన ఓ జంటకు ఇల్లు చూపించడానికి వెళ్తుండగా ఫోన్ మోగింది. సీతాపతి గారి అమ్మాయి సుధ. "మోహన్ అంకుల్, నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను. అమెరికాలో మా షాంటిలీ ఊరి పరిసరాల తెలుగువారందరికీ డాక్టర్ సీతాపతి గారి నిర్యాణం తీరని దుఃఖం. నాకు ఆ దుఃఖంతో పాటు సిగ్గు కూడా కలిగింది. అది దాచిపెట్టి ఆయన గుణగణాలు మాత్రమే కీర్తిస్తే ఆ పుణ్యాత్ముడి స్మృతికి అపచారం చేసినవాడినవుతాను.

వృత్తిరీత్యా ఆయన మత్తు డాక్టరు. రిటైరయ్యాక ఇక్కడికి గంటన్నర దూరంలో, కొండల దిగువన పదెకరాల ఫార్మ్ కొని, చలిని తట్టుకునే అరుదైన పామ్ చెట్లు నాటారు. చైనా కొండల్లో పుట్టిన జాతి ఒకటి, సూదుల్లాంటి ముళ్లతో పొదలా పెరిగేది మరొకటి, ఇంకా నాకు నోరు తిరగని పేర్లవి కొన్ని. చూడ్డానికి వెళ్లిన ప్రతివాడూ "ముంజలు ఎప్పుడు పెడతారు సార్?" అని ఆటపట్టించేవాడు. "ముంజలు కావాలంటే ఇండియా టికెట్ బుక్ చేసుకోవయ్యా. ఇవి స్నోలో బతుకుతున్నాయి, ఇంకేం చెయ్యమంటావు వాటిని?" అనేవారు.

ఆకురాలు కాలం రాగానే పాత దుప్పట్ల కోసం మా ఇళ్లకు వచ్చేవారు. అంతటి విద్వాంసుడు గుమ్మంలో నిలబడి "పారేసేవి ఏమైనా ఉంటే ఇవ్వమ్మా" అని అడగడానికి ఇసుమంతైనా సంకోచించేవారు కారు. నవంబర్‌లో ఓ శనివారం మేమంతా పులిహోర డబ్బాలతో వెళ్లి, లేత చెట్ల ఆకులు పైకెత్తి కట్టి, దుప్పట్లు చుట్టేవాళ్లం. మా ఆవిడ పెళ్లినాటి బొంత కూడా ఓ చెట్టుకు దక్కింది. వసంతంలో వాటిని విప్పే పని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కారు. ఏ రోజు విప్పాలో, ఏ ఎండకు ఎంత విప్పాలో ఆయనకే తెలుసు. "నిద్రపుచ్చడం ఎవరికైనా వస్తుంది మోహన్. లేపడమే నేను చదువుకున్న చదువు" అనేవారు.

ఆయన భార్య భారతి గారికి డయాలిసిస్ మొదలయ్యాక అంత దూరం నుంచి ఆస్పత్రికి తిరగడం కష్టమైంది. సుధ ఇంటికి మారిపోదామని, ఫార్మ్ అమ్మిపెట్టే పని నాకే అప్పగించారు. వచ్చినవాళ్లంతా ఆ చెట్లను చూసి "వీటి మెయింటెనెన్స్ ఎవరు చేస్తారు?" అని వెళ్లిపోయేవారు. చివరికి గుర్రాలు పెంచే ఒక జంట ముందుకొచ్చింది. సీతాపతి గారు ఒక్కటే కోరారు. మొట్టమొదట ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ డబ్బాలో మొలకెత్తించిన చెట్టు ఇప్పుడు మనిషెత్తు పెరిగింది, దాన్ని మాత్రం తీసుకెళ్తానన్నారు. ఇక్కడ భూమిలో వేరున్నదేదైనా, కాంట్రాక్ట్‌లో మినహాయించకపోతే, కొన్నవాళ్లకే చెందుతుంది. వాషింగ్ మెషీన్ మినహాయించాను, పూజా మందిరం మినహాయించాను. చెట్టు దగ్గర ఆగాను. "ఇది రాస్తే వాళ్లు వెనక్కి తగ్గుతారేమో సార్. క్లోజింగ్ అయ్యాక నేనే మాట్లాడతా" అన్నాను. "ఇందులో నీకు తెలిసినంత నాకేం తెలుసు? అలాగే కానీ" అని సంతకం పెట్టారు.

జూన్‌లో క్లోజింగ్ అయి, ఫార్మ్ వాళ్ల పేరున మారింది. నేను మాట్లాడలేదు. అమ్మినదాన్ని తిరిగి అడిగితే నా పరువు పోతుందనిపించింది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "మెసేజ్ పెట్టాను సార్, రిప్లై రాలేదు" అని అబద్ధమాడాను. "పాపం, కొత్త ఇల్లు, ఎన్ని పనులుంటాయో. తొందరపెట్టకు" అని నన్నే ఊరడించేవారు. ఎదుటివారిని శంకించడమెరుగని నిర్మల హృదయం ఆయనది. దాన్ని నేను హాయిగా వాడుకున్నాను.

పరామర్శకు వెళ్లిన రోజు భారతి గారు కిటికీలోంచి సుధ వాళ్ల పెరడు చూపించారు. ఎండ బాగా పడే మూల ఒక గొయ్యి ఉంది. "సమ్మర్‌లోనే తీయించారు మోహన్. వానకి పూడిపోతుంటే మళ్లీ తీయించేవారు. ఇంక పూడ్పించెయ్యనా?" అన్నారు. నేను లేచి, అటునుంచి అటే ఫార్మ్‌కి డ్రైవ్ చేశాను.

గుర్రాల షెడ్ దగ్గర ఉన్న ఇంటావిడ నా మాటంతా ఓపిగ్గా వింది. "ఒక్క చెట్టేనా? జూన్‌లో చెప్పి ఉంటే మా ట్రాక్టర్‌తో తవ్వి నేనే తెచ్చి ఇచ్చేదాన్ని. మమ్మల్ని ఎవరూ అడగలేదే" అంది.

ఇప్పుడు చలి ముదిరింది. వేరు కదిలిస్తే చెట్టు బతకదు, వసంతం దాకా ఆగాల్సిందే. ఆవిడ అనుమతితో కారులో ఉన్న దుప్పటి తెచ్చి, ఆయన నేర్పినట్టే ఆకులు ఎత్తికట్టి చుట్టాను. సౌజన్యమూర్తి, నిగర్వి, పరోపకారి అని ఆయన గురించి అందరూ రాస్తారు. అవన్నీ నిజమే. ఆ మాటలు అనే అర్హత లేని నేను ఆ చెట్టు ముందు నిలబడి ఆయనకు నమస్కారం చేసుకున్నాను.

భారతి గారికి ఫోన్ చేసి గొయ్యి పూడ్పించొద్దని, స్ప్రింగ్‌లో చెట్టు తెస్తానని చెప్పాను. దుప్పటి చుట్టి వచ్చానని కూడా చెప్పాను.

"చుట్టావు సరే. అది ఎప్పుడు విప్పాలో ఎవరిని అడుగుతావు మోహన్?" అన్నారావిడ.